తేటతెలుగు కవి జాషువ

హైదరాబాదు, సికింద్రాబాదు నగరములను కలుపుచు హుస్సేనుసాగరపు కట్ట కలదు. సికింద్రాబాదు నుండి ఆ కట్టమీదుగా నడచి పోవువారికి చల్లని గాలితోపాటు తెలుగువారి చరిత్రయు ఎదురగును. 1980వ దశకమున నెలకొల్పిన తెలుగు మహనీయుల విగ్రహములు అచ్చట వరుసగా నిలిచియున్నవి. నన్నయ, తిక్కన, పోతన, మొల్ల, వేమన మొదలగు కవులు ఆ వరుసలో కలరు. వారితోపాటు గుఱ్ఱం జాషువ విగ్రహమును కలదు. దారిన పోవువారికి ఇందు వింత యేమియు తోచదు. కాని ఈ కవి తన సొంత ఊరిలో జరిగిన కవుల సభలో అడుగు పెట్టినందులకే ఒకనాడు అవమానము పొందెను. ఆనాడు సభలో చోటు దొరకనివానికి ఈనాడు కవిత్రయము సరసన చోటు దొరకినది. ఈ రెంటి నడుమ గడచినదే జాషువ జీవితము.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండ ప్రాంతమున చాట్రగడ్డపాడు గ్రామమున జన్మించెను. ఈ వినుకొండ నేడు పల్నాడు జిల్లాలో నున్నది. ఆయన తండ్రి వీరయ్య యాదవ కులమువాడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టినది. వారిది క్రైస్తవ కుటుంబము. బైబిలులో మోషే తరువాత ఇశ్రాయేలు ప్రజలను నడిపిన వీరుని పేరును తలిదండ్రులు తమ బిడ్డకు పెట్టుకొనిరి.

ఆ కాలమున గుంటూరు ప్రాంతములలో క్రైస్తవ మిషనులు పెక్కు పాఠశాలలను నడపుచుండెను. హైయర్ అను లూథరన్ మతబోధకుడు 1842లో గుంటూరునకు వచ్చి అచ్చట మిషను పనికి పునాది వేసెను. తరతరములుగా అక్షరములకు దూరమైన కుటుంబముల బిడ్డలు అట్టి పాఠశాలలలో మొదటిసారిగా పలక పట్టిరి. జాషువయు అట్టి చదువుల నీడలోనే పెరిగెను. ఇంట క్రీస్తు కథలు, కీర్తనలు. వీధిలో రామాయణ భారత కథలు, నాటకములు. బాలుడైన జాషువకు ఈ రెండును తనవిగానే తోచెను. అతడు బొమ్మలు గీసెడివాడు, తియ్యగా పాడెడివాడు. ఇంటి కథ వేరు, వీధి కథ వేరు అని లోకము గీచిన గీత అతని మనస్సులో లేదు.

అతని చిన్ననాటి నేస్తములలో దీపాల పిచ్చయ్యశాస్త్రి ఒకడు. తరువాతి కాలమున పిచ్చయ్యశాస్త్రియు కవిగా పేరుగాంచెను. ఒకడు బ్రాహ్మణ బాలుడు, మరియొకడు ఊరివారు అంటరానివాడని చెప్పెడి బాలుడు. ఆ నాటి ఆచారములను బట్టి వారిద్దరు ఒకచోట కూర్చుండుటయే తప్పు. అయినను కవిత్వముమీది ప్రేమ వారిని కలిపెను. పిచ్చయ్యశాస్త్రి సాహచర్యమున జాషువకు పద్యములయందు ఆసక్తి పెరిగెను.

పద్యము వ్రాయవలెనన్న ఛందస్సు తెలియవలెను, కావ్యములు చదువవలెను, సంస్కృతము రావలెను. ఆ విద్య నేర్పువారు పండితులు. వారి ఇండ్ల గుమ్మములు జాషువ వంటివారికి తెరచియుండెడివి కావు. అట్టి కాలమున జూపూడి హనుమచ్ఛాస్త్రి అను పండితుడు ఈ యువకుని శిష్యునిగా అంగీకరించెను. కాళిదాసు రచించిన రఘువంశము, కుమారసంభవము, మేఘసందేశము అను కావ్యములను ఆయనకు బోధించెను. అడుగుటకు శిష్యునకెంత ధైర్యము కావలెనో, అంగీకరించుటకు గురువునకును అంత ధైర్యమే కావలెను. ఈ విద్యాదానము తరువాత తెలుగు సాహిత్యమునకు గొప్ప ఫలమునిచ్చెను.

ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగెను. అవధానమనగా నాటి తెలుగువారికి పండుగ వంటిది. పలువురు పృచ్ఛకులు ప్రశ్నలు వేయుచుండగా అవధాని అప్పటికప్పుడు పద్యములు చెప్పుచుండును. ఊరివారందరు ఆ సభకు మూగిరి. జాషువయు వెళ్లి, తాను వ్రాసిన పద్యములను అచ్చట చదివెను. పద్యములు బాగుగా నున్నవో లేవో అని విచారించుటకు ముందే కొందరు లేచి, తక్కువ కులమువానిని సభలోనికి ఎట్లు రానిచ్చిరని అడిగిరి. యువకవి మనస్సు గాయపడెను. అతని పద్యములో తప్పు పట్టియుండినచో దిద్దుకొనియుండెడివాడు. పుట్టుకలో తప్పు పట్టినప్పుడు దిద్దుకొనుటకేమున్నది? ఆ ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు.

1910లో జాషువ మరియమ్మను వివాహమాడెను. మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరెను. జీతము నెలకు 3 రూపాయలు. కొంతకాలమునకు ఆ కొలువును పోయెను. బ్రతుకుతెరువు వెదకికొనుచు ఆయన రాజమండ్రి చేరెను. అచ్చట 1915, 1916 సంవత్సరములలో ఒక వింత యుద్యోగము చేసెను. అవి మూకీ చిత్రముల దినములు. తెరమీద బొమ్మలు కదలునే కాని మాటలాడవు. కథ ప్రేక్షకులకు బోధపడుటకై ఒకడు తెర ప్రక్కన నిలిచి, కదలుచున్న బొమ్మలకు తగినట్లుగా కథను, సంభాషణలను చెప్పుచుండవలెను. జాషువ అట్టి వాచకుడయ్యెను.

ఈ పని చిన్నదిగా కనబడవచ్చును. కాని ఆ గుడారములకు వచ్చువారిలో పండితులు కొందరే, చదువురానివారే పెక్కుమంది. మాట అర్థము కాకున్నచో వారు ఊరకుండరు. చెప్పినది వెంటనే చెవికెక్కవలెను. చెవికెక్కినది మనస్సునకు తాకవలెను. కాళిదాసు కావ్యములు చదివిన యువకుడు, కూలి చేసికొని వచ్చి కూర్చున్నవానికి కథ చెప్పవలసి వచ్చెను. గురువు గారి ఇంట నేర్చిన విద్య ఒకటి. గుడారములో అబ్బిన విద్య మరియొకటి. జాషువ కవిత్వములో ఈ రెండు విద్యలును కలిసి కనబడుచున్నవి.

అటుపిమ్మట ఆయన గుంటూరు చేరి, లూథరన్ సంఘమువారు నడపుచుండిన ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు 10 సంవత్సరములు బోధకుడుగా పనిచేసెను. స్వయంకృషితో చదివి ఉభయభాషాప్రవీణుడయ్యెను. 1928 మొదలు 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా నుండెను. ఒకనాడు సభలోనికి రానీయబడనివాడు ఇప్పుడు అన్ని కులముల బిడ్డలకు తెలుగు పద్యము నేర్పు గురువయ్యెను.

ఈ కాలముననే ఆయనకు రెండు వైపులనుండి నిందలు వచ్చెను. క్రైస్తవుడైన వానికి ధ్రువుని కథతో, కుశలవుల కథతో పనియేమి అని కొందరు క్రైస్తవ మతపెద్దలు ఆగ్రహించిరి. పురాణకథలు వ్రాయుచున్నాడను కారణమున ఆయనను సంఘమునకు దూరము చేసిరి. మరియొకవైపు, అంటరానివాడైన క్రైస్తవునకు పురాణములను ముట్టు అధికారమెక్కడిదని ఛాందసులు ఆక్షేపించిరి. ఒకరు ఇట్లు పొమ్మనిరి, ఒకరు అటు పొమ్మనిరి. రెండు ఇండ్ల నడుమ వీధిలో నిలిచిన వానివలె జాషువ నిలిచెను.

ఇట్టి స్థితిలో ఎవరినో ఒకరిని మెప్పించుటకై తన దారిని మార్చుకొనువారు కలరు. జాషువ అట్లు చేయలేదు. తాను ఏ కులమునకు, ఏ మతమునకు బందీని కాదనియు, లోకమంతటికి చెందిన మనుష్యుడననియు చాటెను. క్రీస్తును ప్రేమించుటకు కృష్ణుని ద్వేషింప నక్కరలేదని ఆయన నమ్మెను. సాటి మనుష్యుని ప్రేమింపని భక్తి ఏ గుడిలో నున్నను, ఏ చర్చిలో నున్నను భక్తి కాదని తలచెను. మతములోని చిక్కులన్నియు విడదీసి చూచిన పిదప ఆయన చేతిలో మిగిలినది ఈ ఒక్క చిన్న సత్యమే. దానిని ఆయన తుదివరకు విడిచిపెట్టలేదు.

ఆయన కవిత్వమునందును ఇట్టి మార్పే జరిగెను. మొదట ఆయన ప్రబంధములు, పౌరాణిక కథలు వ్రాసెను. కుశలవోపాఖ్యానము, ధ్రువవిజయము ఆ కాలమునాటివి. పండితులు మెచ్చుకొనదగిన రచన చేయగలనని నిరూపించుకొనవలసిన అవసరము ఆయనకు ఇతరులకంటె ఎక్కువగా నుండెను. కాని క్రమముగా ఆయన చూపు సమీపమునగల వస్తువులమీదికి మరలెను. ఒక చిన్న విషయమును తీసికొని కొద్ది పద్యములలో చెప్పు ఖండకావ్యములను ఆయన వ్రాయసాగెను. గడ్డిపోచలతో గూడు అల్లుకొను గిజిగాడు, మూలలో గూడు నేయు సాలీడు, ఆయన కవితావస్తువులయ్యెను. వేమన యోగిని గూర్చియు ఆయన వ్రాసెను.

రాజుల కోటలను వర్ణించు కవులు పూర్వము పెక్కుమంది కలరు. చెట్టుకొమ్మకు వ్రేలాడు పిట్టగూటిలోని నేర్పును చూపుటకు వేరొక విధమైన కన్ను కావలెను. ఎవరును లెక్కపెట్టని ప్రాణిలో గొప్పతనము చూడగలవాడే, ఎవరును లెక్కపెట్టని మనుష్యునిలో గొప్పతనమును చూడగలడు. క్రీస్తు చెప్పిన కథలును ఇట్టివే. విత్తనములు చల్లు రైతు, తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెమును వెదకు పేదరాలు, పిండిలో పులిసిన పిండి కలుపు ఇల్లాలు, ఇవియే ఆయన బోధలకు ఉపమానములు. చిన్ననాట వినిన ఆ కథల తీరు జాషువకు అలవడియుండుటలో వింత లేదు.

జాషువ శైలి సరళమనగా అందు సంస్కృత పదములు లేవని కాదు. పద్యములకు యతిప్రాసలు లేవనియు కాదు. ఆయన ఛందస్సును విడువలేదు. చుట్టునున్న కవులు కొందరు పద్యమును వదలి క్రొత్త దారులు త్రొక్కినను ఆయన పద్యమునే పట్టుకొనియుండెను. కాని ఆయన పద్యమునకు వేరొకడు అర్థము చెప్పవలసిన పని లేదు. పదము తరువాత పదము నీరు పల్లమునకు పారినట్లు సాగిపోవును. చదువుచుండగనే అర్థము తోచును. అర్థమైనది కంట నీరు తెప్పించును. తనకు తెలిసిన పాండిత్యమునంతయు ప్రదర్శింపక, కావలసినంత మాత్రమే వాడుకొనుట కష్టమైన పని. ఆ కష్టమును ఆయన తనమీద వేసికొని పాఠకునకు సుఖమునిచ్చెను.

ఇందులకు శ్మశానవాటిక అను ఖండిక గొప్ప నిదర్శనము. చావు ముందు రాజును పేదయు సమానులేనను భావము అందు ప్రధానమైనది. ఈ పద్యములు పుస్తకములలో నిలిచిపోలేదు. తెలుగునాట హరిశ్చంద్ర నాటకము ఆడునప్పుడు కాటిసీనులో నటులు జాషువ పద్యములను చేర్చుకొని పాడసాగిరి. కాటికాపరియైన హరిశ్చంద్రుడు ఆ పద్యములను ఎత్తుకొనగనే ప్రేక్షకులు నిశ్శబ్దముగా వినుచుండెడివారు. మరల పాడుమని కోరుచుండెడివారు. అక్షరము రానివారును ఆ పద్యములను కంఠస్థము చేసికొనిరి. పొలములో పనిచేసికొనుచు వాటిని రాగము తీసి పాడుకొనిరి. ఏ సభలలో తనకు చోటు లేకపోయెనో ఆ సభలను మించిన సభ జాషువకు నాటకశాలల ముందర తెల్లవారుజాము వరకు కూర్చున్న జనులలో లభించెను.

1932లో వెలువడిన ఫిరదౌసి ఆయన కీర్తిని ఇనుమడింపజేసెను. ఫిరదౌసి పారసీక మహాకవి. షానామా అను మహాకావ్యమును రచించినవాడు. గజనీ సుల్తాను మహమూదు ఒక్కొక్క పద్యమునకు ఒక్కొక్క బంగారు నాణెమిత్తునని మాట ఇచ్చి, కావ్యము ముగిసిన తరువాత వెండి నాణెములు పంపెనని ఒక గాథ కలదు. ఏండ్ల తరబడి శ్రమించిన వృద్ధకవికి ఆ అవమానము భరింపరానిదయ్యెను. జాషువ ఈ గాథను తెలుగు పద్యములలో చెప్పెను. వేయి సంవత్సరముల క్రిందటి ముసల్మాను కవి దుఃఖము, వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి హృదయములో ప్రతిధ్వనించెను. కవి మనస్సు నొచ్చుట ఎట్టిదో జాషువ ఒకరు చెప్పగా తెలిసికొనవలసినవాడు కాడు.

జాషువ పేరు చెప్పగనే తెలుగువారికి మొదట జ్ఞాపకము వచ్చునది గబ్బిలము. ఈ కావ్యము 1941లో వెలువడెను. హనుమచ్ఛాస్త్రి చెంత చదివిన మేఘసందేశమే దీనికి దారి చూపెను. కాళిదాసు కావ్యములో ఒక యక్షుడు భార్యకు దూరమై, ఆమెకు తన క్షేమవార్తను మేఘముచేత పంపును. యక్షుడు దేవజాతివాడు, మేఘము ఆకాశమున విహరించునది. జాషువ కావ్యములో సందేశము పంపువాడు దక్షిణ దేశమున నున్న ఒక నిరుపేద. అంటరానివాడని ఊరి వెలుపల నుంచబడినవాడు. పగలెల్ల కష్టించి, ఆకలి తీరక, రాత్రివేళ తన గుడిసెలో నుండగా ఒక గబ్బిలము లోనికి వచ్చును. ఆ పేదవాడు తన మొఱను కాశీ విశ్వనాథునకు వినిపింపుమని దానిని వేడుకొనును.

గబ్బిలమునే ఏల కోరెను? గబ్బిలము ఇంట జొరబడినచో అశుభమని జనులు తలచెదరు. అయినను అది గుడిలోనికి పోవుటకు ఎవరును అడ్డుచెప్పరు. గర్భాలయపు పైకప్పునకు తలక్రిందులుగా వ్రేలాడి, దేవుని చెంతనే అది కాపురముండును. మనుష్యుడై పుట్టినవాడు మాత్రము గుడి ద్వారము దాటరాదు. పక్షివలె ఎగురు ఒక చిన్న జంతువునకు గల స్వేచ్ఛ మనుష్యునకు లేదు! కావ్యమంతయు ఈ ఒక్క చిన్న ఊహమీద నిలిచియున్నది. వాదములు, ప్రమాణములు అక్కరలేదు. గబ్బిలమును చూచిన ప్రతివానికిని ఆ యన్యాయము తోచును. మహావిషయమును పసివానికి సైతము తెలియునట్లు చెప్పుట ఇదియే.

ఈ కావ్యములో మరియొక విశేషమును కలదు. వ్రాసినవాడు క్రైస్తవుడు, మొఱ వినవలసినవాడు శివుడు. దేవుని పేరునుబట్టి జాషువ వెనుకాడలేదు. ఆయనకు దేవునిమీద కోపము లేదు. దేవునికిని మనుష్యునికిని నడుమ గోడ కట్టినవారిమీదనే కోపము. ఆ కోపమును తిట్లుగా మార్చక కన్నీరుగా మార్చెను. గబ్బిలము పోవు దారిలోని తెలుగుదేశపు పూర్వవైభవమును సైతము ప్రేమతో వర్ణించెను. తనను వెలివేసిన దేశమును ఆయన వెలివేయలేదు.

గబ్బిలము వెలువడునాటికి దేశమున ఆలయప్రవేశమును గూర్చి పెద్ద ఆందోళన సాగుచుండెను. తిరువాన్కూరు సంస్థానమున 1936లోనే ఆలయముల తలుపులు అందరికి తెరువబడెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణముచేత అంటరానితనమును నిషేధించెను. చట్టము చేయుటకు ముందు జనుల మనస్సులు కదలవలెను. తెలుగునాట అట్లు మనస్సులను కదలించిన రచనలలో గబ్బిలము ముందు నిలుచును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జాషువ కొంతకాలము యుద్ధప్రచారకుడుగా పనిచేసెను. గాంధీమహాత్ముని మరణానంతరము 1948లో బాపూజీ అను కావ్యమును వ్రాసెను. 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణి కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండెను. ఉద్యోగములు మారినను, ఊళ్లు మారినను ఆయన కలము ఆగలేదు.

పండితలోకమును క్రమముగా ఆయనను గుర్తించెను. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మొదలగు బిరుదులు ఆయనకు లభించెను. వీటన్నిటికంటె గొప్ప సన్మానము ఒకటి కలదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి నాటి కవులకెల్ల గురుతుల్యుడు. అవధానవిద్యకు తెలుగునాట అసమానమైన కీర్తి తెచ్చినవాడు. ఆ వృద్ధ బ్రాహ్మణ కవి సభలో స్వయముగా జాషువ పాదమును పట్టి గండపెండేరమును తొడిగెను. ఆనాడు వినుకొండలో అవధాన సభనుండి అవమానముతో మరలిన కాళ్లే అవి! అవధానులకు గురువైనవాడే వంగి ఆ కాలికి పెండేరము తొడిగెను. ఇది ఒక కవికి జరిగిన సన్మానము మాత్రమే కాదు. ఒక పాత తప్పునకు ఒక పెద్దమనిషి చేసిన దిద్దుబాటు.

జాషువ వయస్సు మళ్లిన తరువాత చేసిన గొప్ప పని క్రీస్తు చరిత్ర. తల్లి ఒడిలో విన్న కథను ఆయన పెక్కు సంవత్సరములు కావ్యముగా వ్రాయక నిలిపియుంచెను. పురాణకథలు చెప్పెను, పారసీక కవి కథ చెప్పెను, బుద్ధుని గూర్చి, వేమనను గూర్చి వ్రాసెను. లోకమంతయు తిరిగి ఇంటికి వచ్చినవానివలె తుదకు ఆ మొదటి కథయొద్దకు వచ్చెను. క్రీస్తు పశువుల పాకలో పుట్టినవాడు. వడ్రంగి ఇంట పెరిగినవాడు. జాలరులను స్నేహితులుగా చేసికొన్నవాడు. సంఘము ముట్టరాదనిన కుష్ఠరోగులను ముట్టి ఆదరించినవాడు. ఇట్టివాని చరిత్రను చెప్పుటకు జాషువకంటె తగినవాడెవడు?

అప్పటికి తెలుగున క్రైస్తవ రచనలు పెక్కులు కలవు. వాటిలో కొన్ని కేవలము మతప్రచారమునకై పుట్టినవి. వాటి భాష తెలుగువారి చెవికి పరభాషవలె తోచుచుండెడిది. జాషువ క్రీస్తు కథను పోతన, శ్రీనాథుడు నడచిన తెలుగు పద్యపు బాటలోనే నడపెను. క్రైస్తవులు కానివారును దానిని తమ కావ్యముగా చదువుకొనిరి. ఈ గ్రంథమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. పురాణకథలు వ్రాసినందులకు ఒకప్పుడు క్రైస్తవ పెద్దలచేత నిందింపబడినవాడే తెలుగున క్రీస్తు చరిత్రకు జాతీయ గౌరవము తెచ్చెను.

ఆ సంవత్సరముననే ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడుగా నియమింపబడెను. మండలి సమావేశములకై హైదరాబాదునకు వచ్చుచుండెను. 3 రూపాయల జీతముతో జీవితమును మొదలిడిన బడిపంతులు రాష్ట్ర శాసనములు చేయు సభలో కూర్చుండెను. తన జీవితమును ఆయన నా కథ అను పేర పద్యములలోనే వ్రాసెను.

ఆయన నమ్మకము మాటలతో ఆగలేదు. 1960లో ఆయన కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడగు గోరా కుమారుడు లవణమును వివాహమాడెను. క్రైస్తవ కవి కుటుంబమునకును నాస్తికుల కుటుంబమునకును ఇట్లు సంబంధము కలిసెను. హేమలతా లవణము తరువాతి కాలమున స్టూవర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబముల మేలుకొరకు, జోగినులుగా చేయబడిన స్త్రీల విముక్తికొరకు పాటుపడెను. తండ్రి పద్యములలో చెప్పిన దయ కుమార్తె చేతలలో కనబడెను.

1970లో భారత ప్రభుత్వము జాషువకు పద్మభూషణ బిరుదమునిచ్చి గౌరవించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమునిచ్చెను. మరుసటి సంవత్సరమే, 1971 జూలై 24వ తేదీన గుంటూరులో ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 75 సంవత్సరములు.

జాషువ జీవితములో ఒక విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. సరళత యనగా తెలియనితనము కాదు. ఏమియు చదువనివాడు సులభముగా వ్రాయుట వేరు. అన్నియు చదివినవాడు అందరికొరకు సులభముగా వ్రాయుట వేరు. జాషువ అతి కష్టముమీద విద్యను సంపాదించెను. అట్లు సంపాదించినవానికి దానిని ప్రదర్శింపవలెనను కోరిక సహజముగా నుండును. ఆయన ఆ కోరికను జయించెను. తనవలె గుమ్మము బయట నిలిచినవారికి అర్థము కాని కవిత్వము తనకు వలదనుకొనెను. చదువు తనకు నిరాకరింపబడినందున, చదువులేనివానికి తన పద్యము నిరాకరింపరాదని తలచెను. భక్తియందును అంతే. ఆచారములు, నిషేధములు, నిందలు అను పొరలన్నిటిని ఒలిచివేసి, మనుష్యుని ప్రేమించుట అను గింజను మాత్రము దాచుకొనెను.

నేడు ఏ తెలుగు పల్లెలో హరిశ్చంద్ర నాటకము ఆడినను కాటిసీనులో ఆయన పద్యము వినబడును. సంధ్యవేళ హుస్సేనుసాగరపు కట్టమీద సికింద్రాబాదు వైపు దీపములు వెలుగుచుండగా, ఇండ్లకు మరలు కూలివారును, విద్యార్థులును, ఉద్యోగులును ఆయన విగ్రహము ముందునుండి నడచిపోవుచుందురు. వారిలో ఎవడు ఏ కులమువాడో, ఏ మతమువాడో ఆ దారి అడుగదు. ఆయన కోరిన దారియు అట్టిదే.